యాభై ఎనిమిది కిలోల రాయి

మా గేటు ముందు నిలబడి "అక్కా, బిళ్ళ ఇయ్యి" అని కేకేసేవాళ్ళు ఇప్పటికీ వస్తున్నారు. ఆ అక్క లేదు. మా ఆవిడ పోయిన నెలలో, కర్నూలు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన పంతొమ్మిదో రోజు, మధ్యాహ్నం భోజనాల వేళ పోయింది. దూరపు వీధుల నుంచి వచ్చేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. గేటు దాకా వెళ్ళి చెప్పడం నాకు చేతకావడం లేదు. లోపలికి పోయి డబ్బాలోంచి ఒక బిళ్ళ తెచ్చి వాళ్ళ చేతిలో పెడుతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను. చదివినవాళ్ళు మిగతావాళ్ళకు చెబుతారు.

బిళ్ళ అంటే పాత పెద్ద రూపాయి. మా వరండాలో ఒక బరువు మిషను ఉంది. ఒకప్పుడు రైల్వే స్టేషన్ల దగ్గరా సినిమా హాళ్ళ దగ్గరా ఉండేవి అలాంటివి. పీట మీద నిలబడి బిళ్ళ వేస్తే అద్దం వెనక రంగు లైట్లు తిరిగేవి. ముల్లు కదిలి బరువు చూపించేది. ఇప్పటి చిన్న రూపాయి అందులో ఆగదు, ఊరికే కిందికి జారిపోతుంది. అందుకని మా ఆవిడ పన్నెండు పాత బిళ్ళలు ఒక పౌడరు డబ్బాలో దాచింది. వచ్చినవాళ్ళకు ఒకటి ఇచ్చేది. వాళ్ళు బరువు చూసుకుని దిగాక మిషను కింది అర తెరిచి, ఆ బిళ్ళను మళ్ళీ డబ్బాలో వేసుకునేది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఎవరి బరువునూ పైకి చదవలేదు కూడా. చూపు ఆనని ముసలివాళ్ళకైతే చెవి దగ్గరికి వంగి చెప్పేది.

ఆ మిషను ఆమె నాయనది. దొనకొండ స్టేషను బయట ఆయనకు టీ దుకాణం ఉండేది. దుకాణం పక్కన రేకు కింద ఈ మిషను. రోజూ పొద్దున మొదటి బండి రాకముందు ఆయన కూతురిని మిషను మీద నిలబెట్టేవాడు. ఒళ్ళు ఎదగడం ఆగిన వయసు నుంచి పెళ్ళయి వచ్చేదాకా ఆమె బరువు యాభై ఎనిమిది. ముల్లు యాభై ఎనిమిది చూపిస్తే మిషను బాగున్నట్టు. చూపించకపోతే ఆ పూటకు అట్టముక్క మీద "పని చేయదు" అని రాసి తగిలించేవాడు. ఇనుప రాళ్ళు దొరక్క కాదు. కూతురు ఉండగా రాళ్ళెందుకని. దుకాణానికి వచ్చినవాళ్ళకు ఆమెను చూపించి "ఇది నా తూకం రాయి" అనేవాడట. పెళ్ళయిన వారంలోనే ఆమె నాకు ఈ సంగతి చెప్పింది. తరువాత ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. చెప్పినప్పుడల్లా కొంచెం నిటారుగా కూర్చునేది.

ఆయన పోయాక మిషను చాలా ఏళ్ళు గోనెపట్టాల కింద పడి ఉంది. ఆ ఇల్లు అమ్మేటప్పుడు ఆమె వాటాగా అడిగింది ఇదొక్కటే. నేను మార్కాపురంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన ఏడాదికి, ఒక ట్రాలీ ఆటోలో ఇది మా ఇంటికి వచ్చింది. నలుగురు పట్టి దించారు.

"ఏం చేద్దామని దీన్ని?" అన్నాను.

"బాగు చేయిద్దాం."

"బాగు చేయించదగిందో కాదో ముందు చూడాలి గదా."

"చూడండి మరి. సైన్సు మీదే గదా."

మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఏ నిర్ణయమైనా ఇట్లా రెండు మాటల్లో అయిపోయేది.

గిద్దలూరు నుంచి కాటా మేస్త్రీని పిలిపించాను. డెబ్బై దాటిన మనిషి. తండ్రి కాలం నుంచి వాళ్ళది కాటాలు బాగుచేసే పని. చేతిసంచిలో పనిముట్లతో బస్సు దిగి వచ్చాడు. నేను అద్దాన్నీ లైట్లనూ చూపించబోయాను. ఆయన అటు చూడలేదు. నేల మీద కూర్చుని మనిషి నిలబడే పీట ఊడదీశాడు.

"మొగం చూసి మోసపోవద్దు సారు. దీని పానమంతా పాదాల్లోనే ఉంటాది."

పీట కింద అడ్డంగా పోయే ఇనుప చేతులు, అవి ఆనే కత్తి అంచులు ఒక్కొక్కటే బొటనవేలి గోటితో గీసి చూశాడు. నేను నోటుబుక్కులో పట్టిక గీసి రాసుకున్నాను. కత్తులు: అరగలేదు. తుప్పు: పైపైనే. స్ప్రింగు: అసలుదే. వైర్లు, లైట్లు: కొత్తవి వేయాలి. టికెట్టు అచ్చుకొట్టే పెట్టె దగ్గరికి వచ్చి ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇది మాత్రం ఖతం."

"టికెట్టు లేకపోతే పోయె," అంది మా ఆవిడ. "బరువు నిజం చెప్తే చాలు గదన్నా?"

"అంతే గదమ్మా దాని పని. చెప్తాదో లేదో రాళ్ళు పెట్టి చూడాల. నా దుకాణంలో ఇరవై కిలోలవి నాలుగున్నాయి. బస్సులో మోస్తే నా నడుము చేతికొస్తాది. వచ్చే వారం ఆటోలో ఏసుకొస్తా."

"రాళ్ళెందుకన్నా, నేను లేనా?" ఆమె అప్పటికే చెప్పులు విడిచింది. "నేను యాభై ఎనిమిది. మా నాయన నాతోనే చూసుకుంటాండె."

"మనిషి రాయి కాదమ్మా. రాయి అన్నం తినదు. రాయి జరమొచ్చి పండుకోదు."

"నేను మాత్రం ఎప్పుడు పండుకున్నా? సారునడుగు."

మేస్త్రీ నా వైపు చూశాడు. "రెండేళ్ళ కింద బీపీకి చూపించినప్పుడు కూడా యాభై ఎనిమిదే మేస్త్రీ. సరిపోతుంది" అన్నాను.

ఆ మాట నాది. ఆమె సరదాకు అంది. ఆయన వద్దన్నాడు. సరిపోతుందని తేల్చింది నేను.

ఆమె ఎక్కి బిళ్ళ వేసింది. ముల్లు యాభై నాలుగు దగ్గర ఆగింది. ఇన్నేళ్ళు కదలకుండా పడి ఉంది, స్ప్రింగు బిగుసుకుపోయి ఉంటుందని మేస్త్రీ అన్నాడు. వెనక ఒక చిన్న మర చూపించాడు. దాన్ని తిప్పితే ముల్లు జరుగుతుంది. యాభై ఎనిమిది దాకా తిప్పాడు.

"ఇప్పుడు దారికొచ్చింది," అంది ఆమె.

మొదటి సంవత్సరం పిల్లలకు ల్యాబులో నేను చెప్పే మొట్టమొదటి సంగతి, పరికరం సున్నా చూపిస్తోందో లేదో చూసుకోమని. రావాల్సిన జవాబు ముందే అనుకుని రీడింగును దానికి సరిపెట్టిన పిల్లల రికార్డుల మీద ఎర్రసిరాతో అడ్డగీతలు కొట్టినవాణ్ణి. దీని గురించి ఇంతకన్నా రాయలేను.

లైట్లు వేయించాం. వరండాలో ఒక మూల నేల సమంగా లేకపోతే పలక ముక్కలు దోపి మట్టం చేశాం. పలకల గనులున్న ఊరు మాది, ఏది ఊగినా కిందకు పలక ముక్కే. వారం లోపల వీధిలోని ఆడవాళ్ళంతా వచ్చారు. సాయంత్రాలు వరండా నిండిపోయేది.

"ఏంది వదినా, నీ మిషను నన్ను ఒక్క దినానికే నాలుగు కిలోలు లావు చేసింది!"

"నన్నూ అంతే అక్కా. ఆసుపత్రిలో అరవై నాలుగంటే, ఇది అరవై ఎనిమిదంటాది."

"ఆసుపత్రిలోవి ప్లాస్టిక్‌వి. ఇది పోత ఇనుము," అనేది మా ఆవిడ. "తిండి తగ్గించుకోండి, నా మిషన్ననొద్దు."

"నిన్ను మాత్రం ఒక్క గ్రామన్నా పెంచదు చూడు. సొంత మనిషి గదా, దానికి మొగమాటం."

అందరూ నవ్వేవాళ్ళు. పేపరు చదువుతూ నేనూ నవ్వేవాణ్ణి. నేను ఎక్కితే డెబ్బై ఒకటి చూపించింది. అంత ఎప్పుడూ లేను. "రిటైరై కూసొని కూసొని ఒళ్ళు చేసినారు" అంది ఆమె. మర్నాటి నుంచి పొద్దున్నే కంభం రోడ్డు మీద నడక మొదలుపెట్టాను. ఎక్కని నాలుగు కిలోలు దించుకోవడానికి రెండు నెలలు నడిచాను. వీధి మొత్తానికీ నాలుగు కిలోలు పెరిగాయి, ఆమెకు తప్ప. ఆ లెక్క నా కళ్ళ ముందే ఉంది.

రెండు నెలల తరువాత ఆమె ఎక్కితే యాభై ఆరు. మేస్త్రీకి ఫోను చేశాను.

"స్ప్రింగు ఇంకా బిగిసిందేమో సారు. ఎందుకైనా మంచిది, రాళ్ళు ఏసుకొస్తా."

"ముందు మర తిప్పి చూస్తాలే."

తిప్పాను. యాభై ఎనిమిది. నోటుబుక్కులో తేదీ వేసి, "రెండు కిలోలు సవరించడమైనది" అని రాశాను.

అప్పుడే కర్నూలు రోడ్డు మీద హోటలు పెట్టుకున్న ఒకాయన వచ్చి, మిషను అమ్మితే హోటల్లో అలంకారానికి పెట్టుకుంటానన్నాడు. నాకది సబబే అనిపించింది. రెండు నెలలకు రెండు కిలోలు జారే స్ప్రింగు ఉన్నదాన్ని బాగు చేయించడం దండగ. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె మంచం మీద కూర్చుని జాకెట్టు పక్కలు కుడుతోంది.

"ఇంకొక్కసారి తగ్గితే ఇచ్చేద్దాం," అన్నాను.

సూది ఆగింది. "మా నాయనది."

"మీ నాయనదే. కానీ చెడిపోయింది."

"చెడిపోయిందని అప్పుడే అనొద్దు. ఇంకో రెండు నెలలు చూడండి. నా కోసం."

పెళ్ళయి ముప్పై ఐదేళ్ళలో ఆమె "నా కోసం" అనడం అదే మొదలు. సరే అన్నాను. జాకెట్టు ఎందుకు కుడుతున్నావని మాత్రం అడగలేదు. అడగకుండానే ఆమె చెప్పింది, కొత్త టైలరు వదులు చేసి తెచ్చాడని. పాత జాకెట్లు కూడా ఆ పక్కనే ఉన్నాయి.

శనివారం ఒంటిపూట ఆమెకు ముందు నుంచీ ఉంది. ఆ రోజుల్లో సోమవారం కూడా చేరింది. కంచంలో అన్నం తగ్గింది. ఎండలని అనుకున్నాను. మధ్యాహ్నం నడుం వాల్చడం అలవాటు లేని మనిషి, భోజనం కాగానే చాప వేసుకునేది. వయసనుకున్నాను. ఒక్కొక్కటీ విడిగా చూశాను. ఒక్కొక్కదానికీ నా దగ్గర ఒక జవాబు ఉంది.

తరువాతి రెండు నెలలూ ఆమె ఎక్కినప్పుడల్లా సరిగ్గా యాభై ఎనిమిది. "స్ప్రింగు కుదురుకున్నది" అని రాసుకున్నాను. హోటలాయనకు ఇవ్వనని చెప్పేశాను. ఆ రోజు ఆమె అట్లపిండి కలిపింది. మిషనుకు రంగు వేయించే ముందు ఆఖరిసారి చూసి పొమ్మని మేస్త్రీకి ఫోను చేశాను.

ఈసారి ఆయన ఆటోలో దిగాడు. నాలుగు రాళ్ళూ ఉన్నాయి.

"మీరు వద్దన్నా తెచ్చినా సారు. రాయి పెట్టకుండా కాటా బాగుందంటే మా నాయన సమాధిలో లేచి కూసుంటాడు."

మూడు రాళ్ళు పీట మీద పెట్టి బిళ్ళ వేశాడు. అరవై చూపించాలి. అరవై ఆరు చూపించింది. ఒకటి దించాడు. నలభై ఆరు. ఇంకొకటి. ఇరవై ఆరు. ఉన్నది కూడా దించి, ఖాళీ పీటకు బిళ్ళ వేశాడు. ముల్లు ఆరు దగ్గరికి పోయి నిలబడింది.

"గాలే ఆరు కిలోలు తూగుతాంది సారు!" అని నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "నేను తిప్పింది నాలుగు. మీరెంత తిప్పినారు?"

"రెండు."

ఆయన కాసేపు మర వైపు చూశాడు. "అంటే మనం చెయ్యి పెట్టకముందు ఇది సరిగ్గానే ఉండె."

ఆమె వంటింటి గడపలో టీ గ్లాసుల పళ్ళెంతో నిలబడి ఉంది. పళ్ళెం కింద పెట్టింది. మా వైపు వీపు చేసి నడుము దగ్గర కుచ్చిళ్ళ చాటు నుంచి ఒక గుడ్డ మూట తీసింది. ముడి విప్పింది. కిలో రాళ్ళు రెండు. వాళ్ళ నాయన దుకాణంలో చక్కెర తూచే కాటావి, మిషనుతో పాటు వచ్చినవి. ఆ పూట కూడా తనను ఎక్కిస్తామనుకుని ముందే కట్టుకుని ఉంది. వాటిని ఇరవై కిలోల రాళ్ళ పక్కన పెట్టింది.

"ఇవి గూడా తీసేసి లెక్కేయండన్నా." నా వైపు చూడకుండా అంది, "అమ్మేస్తామంటిరి గదా. అందుకని."

నాలుగు, రెండు, రెండు. ఎవరమూ పైకి కూడలేదు. మేస్త్రీ "బిడ్డా" అన్నాడు. ఆ తరువాత, మర వెనక్కి తిప్పాలా అని నన్ను అడిగాడు. తల ఊపాను. ఆరు కిలోలూ వెనక్కి తిప్పాడు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మిషను బాగుంది సారు. దాన్ని బాగు చేయాల్సిన పనే లేకుండె. ఇంక అమ్మ సంగతి చూడండి."

మర్నాడే కర్నూలు వెళ్ళాం. పరీక్షలన్నీ అయ్యాక, కడుపులో గడ్డ అన్నారు. బరువు ఎప్పటి నుంచి తగ్గుతోందని డాక్టరు అడిగాడు. ఎవరైనా తడుముకునే ప్రశ్న. నేను సంచిలోంచి నోటుబుక్కు తీసి ఇచ్చాను. తేదీలు ఉన్నాయి, అంకెలు ఉన్నాయి. ఆయన పేజీలు తిప్పి చూశాడు.

"ఇంత జాగ్రత్తగా రాసినారే," అన్నాడు.

అది మెచ్చుకోలో ఇంకేదో నేను అడగలేదు. ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదనీ అడగలేదు. ఆమె పక్కనే ఉంది.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. గిద్దలూరు దాటాక అంది, "మీరొక్కరే మోయొద్దు. రాళ్ళు కట్టుకున్నది నేనే గదా."

ఆమె తీరే అంత. నా చేతిలో గ్లాసు పగిలితే, అంచున పెట్టింది నేనే అనేది. రైలు తప్పిపోతే, చీర మార్చుకునేటప్పటికి ఆలస్యమైంది నా వల్లే అనేది. నేను చేసిన తప్పుల్లో సగం ఎప్పుడూ ఆమె పేరు మీదే ఉండేవి. ముప్పై ఐదేళ్ళు దాన్ని నేను చనువనుకున్నాను. ఆ బస్సులో అర్థమైంది, అది మోయడమని. అప్పుడైనా నేను ఒక మాట అని ఉండాల్సింది. టికెట్లు మడిచి జేబులో పెట్టుకున్నాను.

తరువాత ఆసుపత్రికి పోవడం, రావడం. వాటి గురించి రాయడానికి ఏమీ లేదు. అందరివీ ఒక్కలాగే ఉంటాయి. ఆఖరికి ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఇంటికి వచ్చిన పదో రోజు పొద్దున కాస్త తేటగా ఉంది. గంజి తాగింది. మొగం కడిగించుకుని, తల దువ్వించుకుంది. దువ్వడం నాకు సరిగా రాదు.

"ఒకసారి మిషనెక్కించండి," అంది.

"ఇప్పుడెందుకు?"

"ఎంతున్నానో చూసుకుంటా. మేస్త్రీ సరిచేసి పోయినాక నేనెక్కనే లేదు."

చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకువచ్చాను. పీట చల్లగా ఉందని ఒక కాలు వెనక్కి తీసి, మళ్ళీ పెట్టింది. రెండు కాళ్ళ మీదా నిలబడింది గానీ చెయ్యి వదలలేకపోయింది. నా భుజం పట్టుకుంది. నేను బిళ్ళ వేశాను. ఎర్ర లైటు, పచ్చ లైటు తిరిగాయి.

"ఎంత?" అంది. కళ్ళద్దాలు మంచం దగ్గరే ఉన్నాయి.

"ముల్లు ఆగలేదు ఇంకా," అన్నాను.

అది అబద్ధం కాదు. ఆమె పట్టు బిగిస్తే ముల్లు దిగేది. వదులైతే కొంచెం లేచేది. ముప్పై ఎనిమిది, నలభై ఒకటి, ముప్పై తొమ్మిది. దేన్నన్నా పట్టుకుని నిలబడితే అసలు బరువు తెలియదు. చెయ్యి తీయమని నేను చెప్పలేదు.